కృత్రిమ పాదం – నడిచే నేల: కాలు కోల్పోయినవారి నడకను ప్రభావితం చేసే అంశాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రమాదం వల్లనో వ్యాధి వల్లనో కాలు కోల్పోయినవారు తిరిగి నడవడం కేవలం మనోబలం మీద ఆధారపడిన విషయమన్న భావన మన సమాజంలో బలంగా ఉంది. శరీరం, పరికరం, నేల అనే మూడూ కలిసి నడకను నిర్ణయిస్తాయని జైపూర్ పాదం చరిత్ర ఆధారంగా చూపడం, ఆ దృష్టితో నంద్యాల జిల్లా పాములపాడు ప్రాంతాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కృత్రిమ పాదం, జైపూర్ పాదం, నడక, పునరావాసం, నల్లరేగడి, పాములపాడు.

1. ఉపోద్ఘాతం:
యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలు అమర్చినట్లు ఋగ్వేదం ప్రథమ మండలంలో ప్రస్తావన ఉంది. 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే మోకాలి దగ్గర వంగే కృత్రిమ కాలును రూపొందించాడు. ఇలాంటి కథనాలలో కాలు అమర్చడంతోనే కథ ముగుస్తుంది. ఆ కాలితో ఎలాంటి నేల మీద, ఎంత దూరం, ఎన్నాళ్లు నడిచారన్న ప్రశ్న శాస్త్ర పరిశోధనకు ప్రధాన విషయం కావడానికి 20వ శతాబ్దపు ప్రపంచ యుద్ధాలు కారణమయ్యాయి. మన దేశంలో పుణెలోని సైనిక కృత్రిమ అవయవ కేంద్రం 1944లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే ఏర్పడింది.

2. శరీర సంబంధమైన అంశాలు:
కాలును ఏ స్థాయిలో తొలగించారన్నది మొదటి అంశం. సొంత మోకాలు మిగిలినవారికి నడక అదుపు చాలావరకు మిగులుతుంది. మోకాలి పైభాగంలో తొలగిస్తే ప్రతి అడుగుకూ తుంటి కండరాల మీద భారం పెరుగుతుంది. 1976లో వాటర్స్ బృందం అమెరికాలో ప్రచురించిన అధ్యయనం దీనిని కొలిచి చూపింది. తొలగించిన స్థాయి పైకి పోయే కొద్దీ నడక వేగం తగ్గుతుందనీ, రక్తనాళాల వ్యాధి వల్ల కాలు కోల్పోయినవారి నడక ప్రమాదాల వల్ల కోల్పోయినవారి నడక కంటే నెమ్మదిగా ఉంటుందనీ ఆ అధ్యయనం తేల్చింది. మధుమేహం విస్తరిస్తున్న నేటి పరిస్థితిలో ఈ భేదం మనకు ముఖ్యమైనది. మధుమేహ రోగికి మిగిలిన రెండో పాదం కూడా ప్రమాదంలోనే ఉంటుంది.

శస్త్రచికిత్స తరువాత మిగిలిన కాలి భాగం కొన్ని నెలలపాటు క్రమంగా కుంచించుకుపోతుంది. అందువల్ల మొదట సరిపోయిన తొడుగు తరువాత వదులై చర్మాన్ని ఒరుస్తుంది. పుండు పడితే కాలిని విప్పి పక్కన పెట్టక తప్పదు. అంటే, ఒకసారి కాలు అమర్చడంతో చికిత్స పూర్తికాదు.

3. పరికరం – జైపూర్ పాదం ఆవిర్భావం:
1950లలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందిన 'సాచ్' పాదం మడమ మెత్తగా, చీలమండ కదలకుండా ఉండేది. బూటు తొడిగి, చదునైన దారిలో నడిచి, కుర్చీలో కూర్చునేవారిని దృష్టిలో ఉంచుకొన్న నిర్మాణం అది. చెప్పులు లేకుండా పొలంలో దిగేవారికి, నేలపై మఠం వేసుకొని కూర్చునేవారికి, గొంతుకు కూర్చోవలసినవారికి అది ఒదగలేదు.

ఈ లోపాన్ని జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్య నిపుణుడు పి.కె. సేఠీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ గుర్తించారు. వారి కృషి ఫలితంగా 1968లో జైపూర్ పాదం రూపొందింది. రబ్బరు, కొయ్య ముక్కలను కలిపి అచ్చులో వేడిచేసి తయారుచేసిన ఈ పాదం అనేక దిశలలో వంగుతుంది, నీటికి తట్టుకుంటుంది, బూటు అవసరం లేకుండా నగ్నపాదంలా కనిపిస్తుంది. శరీరాన్ని పరికరానికి అనుగుణంగా మార్చుకొమ్మనకుండా, పరికరాన్నే జీవన విధానానికి అనుగుణంగా మార్చడం ఇందులోని చారిత్రక మలుపు. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీనిని ఉచితంగా అందించే వ్యవస్థను నిర్మించింది. సేఠీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

4. 'మయూరి' – ప్రజా స్మృతి:
తెలుగువారిలో జైపూర్ పాదానికి విస్తృత ప్రచారం కల్పించినది సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ఉషాకిరణ్ మూవీస్ నిర్మించిన 'మయూరి' (1985). 1981లో ప్రమాదానంతరం కాలు కోల్పోయి, జైపూర్ పాదంతో 1984లో మళ్లీ వేదికనెక్కిన నర్తకి సుధాచంద్రన్ తన కథలో తానే నటించారు. ఈ చిత్రం వికలాంగతపై జాలికి బదులు గౌరవాన్ని నెలకొల్పింది. అయితే ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచినది ప్రధానంగా వ్యక్తి సంకల్పమే. శిక్షణకు దొరికిన కాలం, కుటుంబం అండ, చదునైన వేదిక వంటి అనుకూలతలు చర్చకు రాలేదు. ఫలితంగా, నడవలేకపోయినవారికి పట్టుదల లేదన్న అన్యాయమైన తీర్పుకు అవకాశం ఏర్పడింది.

5. నేల – పాములపాడు ప్రాంతం:
పాములపాడు మండలంలోని బానకచర్ల క్రాస్ రెగ్యులేటర్ వద్ద శ్రీశైలం జలాలు తెలుగుగంగ మొదలైన కాలువలకు చీలుతాయి. కాలువ కట్టలు, పొలం గట్లు, నల్లరేగడి చేలు కలిసిన వ్యవసాయ ప్రాంతమిది. రేగడి తడిస్తే ఉబ్బి కాలికి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. తడి నేలలో పాదాన్ని పైకి లాగడానికి అదనపు బలం కావాలి. నెర్రెలలో అడుగు తడబడుతుంది. ఏటవాలు గట్టు మీద శరీర భారం ఒకవైపు ఒరుగుతుంది. ఆసుపత్రి వరండాలో చక్కగా నడిచిన వ్యక్తి ఈ చేలో నిలవలేకపోతే ఆ లోపం ఆయనది కాదు.

మరమ్మతు దూరం మరొక అంశం. కర్నూలు వైద్య కళాశాల 1957లో, నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరైనా, తొడుగు సరిచేసే నిపుణుడు అందుబాటులో లేకపోతే ఒక రోజు కూలి, దారి ఖర్చు భరించి దూరం వెళ్లాలి. ఆ భారం మోయలేనివారు చంకకర్రలకే తిరిగి వస్తారు.

గణాంకాలలోనూ ఈ సమస్య కనిపించదు. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులను నమోదు చేసింది. అందులో 'కదలిక' అనే ఒకే వర్గం ఉంది కాని, కాలు కోల్పోయినవారి లెక్క వేరుగా లేదు. 1981 నుంచి అమలులో ఉన్న కేంద్ర ఉపకరణాల సహాయ పథకం ఎంతమందికి సాయం అందిందో చెప్పగలదు. అయితే అందిన కాలు వాడుకలో ఉందా, మూలన పడిందా అన్నది పంపిణీ లెక్క చెప్పలేదు.

6. ముగింపు:
• కాలు తొలగించిన స్థాయి, కారణం, తొడుగు అమరిక నడకకు ప్రాథమిక అంశాలు.
• పరికరం జీవన విధానానికి అనుగుణంగా ఉన్నప్పుడే ఉపయోగపడుతుందని జైపూర్ పాదం చరిత్ర రుజువు చేసింది.
• నేల స్వభావం, వృత్తి, మరమ్మతు దూరం కూడా అంతే నిర్ణాయకమైనవి. సంకల్పం వాటికి తోడుగా నిలుస్తుందే గాని ప్రత్యామ్నాయం కాదు.
• పంపిణీ చేసిన కాళ్ల సంఖ్యకు బదులు, ఏడాది తరువాత కూడా పొలానికి, బడికి, బజారుకు నడుస్తున్నవారి సంఖ్య పునరావాసానికి కొలమానం కావాలి. పాములపాడు వంటి మండలాలలో గ్రామస్థాయి క్షేత్రపరిశోధన ఈ దిశలో తొలి అడుగు అవుతుంది.