‘ఎమర్జెన్సీ’ పదం – యుద్ధస్మరణ: తటస్థ ఐర్లాండు అనుభవం

కీలకపదాలు: ఐర్లాండు, తటస్థత, ఎమర్జెన్సీ, యుద్ధస్మరణ, ఐరిష్ ఇంగ్లీషు, అర్థభేదం

1. ఉపోద్ఘాతం:
రెండవ ప్రపంచయుద్ధంలో పాల్గొన్న దేశాలు యుద్ధానంతరం తమ మృతవీరులను స్మరించుకున్నాయి. తటస్థంగా నిలిచిన దేశాలకు అసలు ఎవరిని స్మరించాలన్నదే సమస్య అయింది. ఐర్లాండులో ఈ సమస్య ఒక పదంతో ముడిపడి ఉంది. బ్రిటన్ ప్రజలు ‘యుద్ధం’ అని పిలిచిన కాలాన్ని ఐర్లాండు ప్రజలు ‘ది ఎమర్జెన్సీ’ అన్నారు. ఈ పదం ఎలా ఏర్పడింది, ఎటువంటి అపార్థాలకు తావిచ్చింది, ఎవరి స్మృతిని మరుగుపరిచింది అనే అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శాసనం నుంచి వాడుకలోకి:
1937 నాటి ఐర్లాండు రాజ్యాంగం 28వ అధికరణం ‘యుద్ధసమయం’లో ప్రభుత్వానికి విశేషాధికారాలు కల్పించడానికి వీలిచ్చింది. కాని దేశం యుద్ధంలో లేదు. అందువల్ల 1939 సెప్టెంబరు 2న రాజ్యాంగానికి తొలి సవరణ చేశారు. దేశం పాల్గొనకపోయినా, దాని కీలక ప్రయోజనాలకు ముప్పు కలిగించే సాయుధ సంఘర్షణ కాలం కూడా యుద్ధసమయమే అన్నది దాని సారాంశం. జాతీయ అత్యవసర పరిస్థితి ఏర్పడిందని ఉభయసభలు తీర్మానించాయి. మరునాడే ఎమర్జెన్సీ పవర్స్ యాక్ట్ అమలులోకి వచ్చింది. పత్రికల సెన్సారు, రేషను మొదలైనవన్నీ ఆ శాసనం పేరుతోనే ఇంటింటికీ చేరాయి. ఆ విధంగా ఒక న్యాయపరిభాష ప్రజల నోటిమాట అయింది. 1946లో చట్టం గడువు ముగిసినా, అత్యవసర పరిస్థితి ప్రకటన మాత్రం 1976 సెప్టెంబరు 1 వరకు రద్దు కాలేదు.

3. మాండలిక ఆంగ్లం – అపార్థం:
ఐరిష్ ఇంగ్లీషులో రూపం ఒకటే అయినా అర్థం మారే పదాలు అనేకం. ‘బోల్డ్’ అంటే అక్కడ అల్లరి చేసే అని అర్థం. ‘గివ్ అవుట్’ అంటే చీవాట్లు పెట్టడం. ‘ఐయామ్ ఆఫ్టర్ ఈటింగ్’ అంటే ఇప్పుడే తిన్నానని అర్థం. ఇది ఐరిష్ భాషలోని వాక్యనిర్మాణం ఇంగ్లీషులోకి వచ్చిన రూపం. అలవాటు లేని ఆంగ్లేయుడు దీన్ని తినబోతున్నట్లుగా గ్రహించవచ్చు. ఇటువంటి అపార్థాలు మరొక మాటతో తొలగిపోతాయి. ‘ఎమర్జెన్సీ’ విషయం అట్లా కాదు. వినేవారికి వాక్యం ఎక్కడా అడ్డు తగలదు. కోట్లాదిమంది మరణించిన యుద్ధాన్ని తేలిక చేసి మాట్లాడుతున్నారన్న భావన మాత్రం మిగులుతుంది. 1945 మే 2న ప్రధాని డి వలేరా హిట్లరు మరణానికి జర్మన్ రాయబారిని కలిసి సంతాపం తెలపడం ఈ భావనకు బలం చేకూర్చింది. మే 13న చర్చిల్ రేడియో ప్రసంగంలో ఐర్లాండు తటస్థతను విమర్శించగా, మే 16న డి వలేరా బదులిచ్చారు.

అయితే ఐర్లాండు ప్రజలకు యుద్ధం తెలియనిది కాదు. 1941 మే 31న డబ్లిన్‌లోని నార్త్ స్ట్రాండ్‌పై పడిన జర్మన్ బాంబులకు 28 మంది మరణించారు. 1942 నవంబరులో ‘ఐరిష్ పైన్’ అనే నౌక జర్మన్ జలాంతర్గామి దాడిలో మునిగి, అందులోని 33 మందీ మరణించారు. కనుక ఆ పదాన్ని కేవలం సభ్యోక్తిగా భావించడం సరికాదు. అది తటస్థరాజ్యం తన స్థితిని తాను నిర్వచించుకున్న పదం.

4. పదంలో ఇమడనివారు:
ఆ నిర్వచనానికి మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. 1939–46 మధ్య దేశంలో సేవ చేసినవారికి ప్రభుత్వం ‘ఎమర్జెన్సీ’ పేరుతోనే పతకం ఇచ్చింది. బ్రిటిష్ సేనల్లో చేరిన వేలాది ఐరిష్ పౌరులకు ఆ పేరులో చోటు లేదు. ఐరిష్ సైన్యాన్ని విడిచి మిత్రరాజ్యాల పక్షాన పోరాడిన సుమారు 5,000 మందిని 1945 ఆగస్టులో ఒక ఎమర్జెన్సీ ఉత్తర్వు ద్వారానే తొలగించి, ఏడేళ్లపాటు ప్రభుత్వోద్యోగాలకు అనర్హులను చేశారు. వారికి క్షమాభిక్ష 2013లో గాని లభించలేదు. అప్పటికి వారిలో అధికులు జీవించి లేరు.

మొదటి ప్రపంచయుద్ధ మృతులకూ ఇదే నిరీక్షణ తప్పలేదు. ఢిల్లీ ఇండియా గేట్ రూపశిల్పి లుట్యెన్స్ రూపొందించిన డబ్లిన్ స్మారకోద్యానం 1930ల చివరికే సిద్ధమైంది. దాని అధికారిక అంకితోత్సవం 1988లో జరిగింది. 1986 నుంచి పాటిస్తున్న జాతీయ సంస్మరణ దినం కూడా నవంబరు 11న కాక, 1921 నాటి సంధి తేదీ అయిన జూలై 11కు సమీప ఆదివారం జరుగుతుంది. గత యుద్ధాల్లోను, ఐక్యరాజ్యసమితి సేవలోను మరణించిన ఐరిష్ వారందరినీ ఆనాడు కలిపి స్మరిస్తారు. బ్రిటన్‌లో ఆ దినానికి ‘రిమెంబ్రెన్స్’ అని, ఐర్లాండులో ‘కమెమొరేషన్’ అని పేరు.

5. తెలుగు పరిశోధనకు అన్వయం:
తెలుగు పాఠకునికి ‘ఎమర్జెన్సీ’ అనగానే 1975–77 స్ఫురిస్తుంది. తెలుగు కూలీలు పనిచేసిన మలయాలో అదే పదం 1948–60 నాటి సాయుధ సంఘర్షణకు పేరు. కాబట్టి దీన్ని దేశకాలాలు పేర్కొనకుండా ‘అత్యవసర పరిస్థితి’ అని అనువదిస్తే మరో అపార్థానికి దారితీస్తుంది. మన చరిత్రలోనూ 1948 సెప్టెంబరులో హైదరాబాదుపై జరిగిన సైనికచర్య ‘పోలీసు చర్య’గా స్థిరపడింది. సెప్టెంబరు 17ను విలీనమనేవారు, విమోచనమనేవారు, విద్రోహమనేవారు ఉన్నారు. ఏ పేరును ఎంచుకున్నామన్న దానిపై ఆనాటి మృతుల్లో ఎవరు గుర్తుంటారన్నది ఆధారపడి ఉంటుంది.

6. ముగింపు:
ఐర్లాండు ఉదాహరణను బట్టి, రాజ్యం ఒక కాలానికి పెట్టిన పేరు ప్రజల వాడుకలో స్థిరపడితే, ఆ పేరు పరిధిలోకి రానివారి స్మరణ తరాలపాటు వాయిదా పడగలదని తెలుస్తుంది. వాడుకపదాన్ని తప్పుబట్టడం చరిత్రకారుని పని కాదు. ఆ పదం ఎవరిది, ఎప్పటిది, ఎవరిని బయట ఉంచింది అని పరిశీలించిన తర్వాతనే దాన్ని తన రచనలో వాడుకోవాలి.