చలిజ్వరము - రక్తపరీక్ష

హైదరాబాదునుండి పడమరగా చేవెళ్లకు పోవు బాటలో మొయినాబాదు కలదు. ఆ పరిసరముననే 1920లో ఉస్మాన్ సాగరము, అనగా మన గండిపేట చెరువు, 1927లో హిమాయత్ సాగరము పూర్తియైనవి. 1908 నాటి మూసీ వరద పిమ్మట నగరరక్షణకును మంచినీటికిని ఈ జలాశయములు వెలసినవి. నీరు నిలిచిన తావుల దోమ పుట్టును. దోమతో చలిజ్వరభయమును పుట్టును. ఆ జ్వరమునకు దోమతో గల సంబంధము బయటపడినది ఈ నగరప్రాంతముననే యగుట విశేషము.

1880లో అల్జీరియాయందు లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు రోగి రక్తములో మలేరియాక్రిమిని చూచెను. అది రక్తమున కెట్లు చేరుచున్నదో ఆయనకు తెలియలేదు. 1897 ఆగస్టులో సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు హుసేన్ ఖాన్ అను రోగిని దోమలచే కుట్టించి, దోమ కొక అణా చొప్పున అతనికిచ్చెను. ఉక్కపోత దుర్భరము, పంకా వీచినచో కోసిన దోమలు ఎగిరిపోవును. కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. ఆగస్టు 20న రెక్కలపై మచ్చలుగల దోమ కడుపుగోడలో ఆయన వెదకుచున్న క్రిమి కనబడెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమున ఏటేట సుమారు 7.5 కోట్లమంది ఈ జ్వరమున పడుచుండిరి. 8 లక్షలమంది మరణించుచుండిరి. 1953లో మలేరియా నియంత్రణ పథకమును, 1958లో నిర్మూలన పథకమును ఆరంభమైనవి. గోడలకు డి.డి.టి. చల్లుటతో పని ముగియలేదు. పక్షమున కొకమారు ఆరోగ్య కార్యకర్త ఇంటింటికి వచ్చి "ఎవరికైన జ్వరమా?" యని అడిగి, వ్రేలు గుచ్చి గాజుపలకపై నెత్తుటిచుక్క తీసికొని, క్లోరోక్విన్ మాత్రలిచ్చి పోవలెనని నియమము. 1961 నాటికి రోగులు ఏటికి సుమారు 50 వేలకు తగ్గిరి. పిమ్మట దోమలు మందునకు లొంగకుండుటయు, కాపలా సడలుటయు కలిసి, 1976లో ఆ సంఖ్య 64 లక్షలు దాటెను.

బ్రెజిల్ దేశపు అనుభవ మొకటి ఇచట స్మరింపదగినది. మట్టిగోడల పగుళ్లలో దాగి రాత్రివేళ కుట్టు నల్లివంటి పురుగువలన వచ్చు వ్యాధిని 1909లో కార్లోస్ చాగస్ కనుగొనెను. ఆ క్రిమి మనిషిలో ఏండ్ల తరబడి మౌనముగా నుండి, కొందరి గుండెను చెరచును. తొలిదినములు గడచిన పిమ్మట క్రిమి రక్తములో కంటికి చిక్కుట అరుదు. శరీరము దానిపై సృజించిన ప్రతిరక్షకములనే రక్తమున వెదకవలెను. ఆరోగ్యవంతునివలె కనబడువాని రక్తమును గూడ ఏల పరీక్షింపవలెనో ఈ వ్యాధి తెలుపును. మలేరియా క్రిమియు కొందరిలో జ్వరము లేకయే యుండి, దోమద్వారా పొరుగువానికి చేరగలదు.

2030 నాటికి మలేరియాను తొలగింపవలెనని మన దేశపు సంకల్పము. నేడు మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములకు నగరము ప్రాకుచున్నది. క్రొత్త కట్టడములతో నీటితొట్లును పెరుగుచున్నవి. కావున జ్వరము తగిలిన నాడు తోచిన మాత్ర మ్రింగక, మొదట రక్తము చూపించుకొనుట మేలు. ఇప్పటి పరీక్షకు పట్టునది ఒక్క చుక్క నెత్తురు, ఇరువది నిమిషముల కాలము.