వీపీ వచ్చిందండీ

పోస్టుమాన్ గడప దగ్గర నిలబడి "వీపీ వచ్చిందండీ" అన్నాడంటే ఇంట్లో సందడి మొదలయ్యేది. పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. ఎవరు తెప్పించారు, ఎంతకు తెప్పించారు, పైకం ఎవరిస్తారు అన్న ప్రశ్నలు పెద్దవాళ్ల మధ్య నడిచేవి. పార్సిలు మాత్రం అంతసేపూ పోస్టుమాన్ చేతిలోనే ఉండేది. డబ్బు కడితేనే అది ఇంట్లోకి వస్తుంది, కట్టకపోతే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. లోపల ఉన్నది తలనొప్పి మందు కావచ్చు, గోడ గడియారం కావచ్చు, మద్రాసులో అచ్చయిన భారతం కావచ్చు. వీపీని "తీసుకోవడం" అనేవారు కాదు, "విడిపించుకోవడం" అనేవారు. తాకట్టులో ఉన్న నగను విడిపించుకున్నట్టే.

ఇవాళ ఫోనులో చీర ఎంచుకుని క్యాష్ ఆన్ డెలివరీ నొక్కేవారు చేస్తున్నదీ ఇదే పని. ఆన్‌లైన్ కంపెనీలు ఈ ఏర్పాటును కనిపెట్టలేదు. భారత తపాలా శాఖ దీన్ని 1877లోనే మొదలుపెట్టింది. వాల్యూ పేయబుల్ పోస్ట్ అన్న పొడుగాటి పేరును జనం వీపీపీ అనీ, ఇంకా కుదించి వీపీ అనీ పిలుచుకున్నారు.

ఆ రోజుల్లో చిన్న వ్యాపారికి ఉన్న చిక్కు ఏమిటో ముందు చూడాలి. బొంబాయిలో ఉన్నవాడు కృష్ణా జిల్లా పల్లెలోని మనిషికి సరుకు అమ్మాలంటే అక్కడ కొట్టు పెట్టాలి, లేదా ఊరూరా తిరిగే మనిషిని జీతానికి పెట్టుకోవాలి. రెండింటికీ పెట్టుబడి కావాలి. ముందు డబ్బు పంపండి, తర్వాత సరుకు పంపుతాను అంటే ముఖం తెలియని మనిషిని పల్లె నమ్మదు. ముందు సరుకు పంపితే డబ్బు వస్తుందన్న నమ్మకం వ్యాపారికి లేదు. ఇద్దరి మధ్యా సరుకునూ డబ్బునూ పట్టుకుని నిలబడే మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషి పని తపాలా శాఖ చేసింది.

దీనికి ముందూ వెనకా జరిగిన మార్పులు కూడా కలిసొచ్చాయి. 1854 చట్టంతో దూరం ఎంతైనా ఉత్తరానికి ఒకే రేటు వచ్చింది, తేలిక ఉత్తరం అర్ధణాకే దేశమంతా తిరిగింది. 1879లో పావు అణా కార్డు వచ్చింది. 1880 నుంచి మనియార్డర్లు పోస్టాఫీసుల చేతికి వచ్చాయి. దాంతో గొలుసు పూర్తయింది: కొనేవాడు కార్డు ముక్క మీద ఆర్డరు రాస్తాడు, అమ్మేవాడు సరుకు కట్టి వీపీ ఫారం నింపుతాడు, పోస్టుమాన్ పైకం వసూలు చేస్తాడు, పోస్టాఫీసు తన రుసుము తీసుకుని ఆ పైకాన్ని మనియార్డరుగా అమ్మేవాడికి చేరుస్తుంది. పల్లెలో ఉన్నవాడికి పావు అణా కార్డే బజారు అయింది.

యూరప్‌లో కొన్ని దేశాలకు ఈ పద్ధతి అప్పటికే తెలుసు. కానీ మనల్ని ఏలుతున్న బ్రిటన్ తన సొంత గడ్డ మీద దీన్ని 1926 దాకా పెట్టలేదు. పట్నంలోని పెద్ద దుకాణాలు తపాలా దారిన వచ్చి తమ గిరాకీని ఎత్తుకుపోతాయని అక్కడి ఊళ్ల వర్తకులు భయపడి అడ్డుకున్నారు. కాటలాగు వ్యాపారానికి పుట్టిల్లని చెప్పుకునే అమెరికాలో కూడా పోస్టాఫీసు డబ్బు వసూలు చేసే పద్ధతి 1913లోనే మొదలైంది. రైలు సరిగా చేరని మన పల్లెలకు అది అంతకు 36 ఏళ్ల ముందే అందింది. ఈ సంగతి మన వ్యాపార చరిత్రలలో పెద్దగా కనబడకపోవడం బాధ కలిగిస్తుంది.

మొదట్లో దీన్ని బాగా వాడుకున్నవి కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లోని పెద్ద కంపెనీలు. గడియారాలు, పుస్తకాల దగ్గర నుంచి టోపీల దాకా జిల్లాల్లో ఉన్న దొరలకూ ఉద్యోగులకూ పంపేవి. కానీ వీపీ అసలు సత్తా పెట్టుబడి లేనివాళ్ల చేతిలో పడ్డాకే తెలిసింది.

కాశీనాథుని నాగేశ్వరరావు కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టారు. మద్రాసులో చదివి, మందుల వ్యాపారంలో ఇతరుల దగ్గర పని నేర్చుకుని, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తెలుగువాడు తెలుగుదేశానికి అంత దూరాన కూర్చుని పసుపుపచ్చని తలనొప్పి మందు తయారు చేశాడు. దాన్ని సంగీత సభల్లో ఉచితంగా పంచి పేరు తెచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. చిన్న డబ్బా, తక్కువ బరువు, త్వరగా చెడిపోని సరుకు, ప్రతి ఇంట్లోనూ ఉండే బాధ. తపాలా సంచికి ఇంతకంటే తగిన వస్తువు దొరకడం కష్టం.

ఆ లాభం ఎటు పోయిందో చూస్తే కథ ఇంకా పెద్దదవుతుంది. 1908లో ఆయన బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో సాహిత్య మాసపత్రిక భారతి వచ్చింది, 1926లో ఆంధ్ర గ్రంథమాల ప్రచురణలు. మందు సంపాదించిన డబ్బు పత్రికను నిలబెట్టింది, పత్రిక మందు పేరును ఊరూరికీ మోసింది, రెండూ ఒకే తపాలా సంచిలో ప్రయాణించాయి. తెలుగు సాహిత్య చరిత్రలో భారతి గురించి ఎన్నో పేజీలు ఉంటాయి. దాని వెనక ఉన్న మందు డబ్బాకు కూడా ఆ పేజీల్లో చోటు దక్కాలి.

అదే దారిలో నడిచిన మరొకరు కె.ఎన్. కేసరి. ఒంగోలు ప్రాంతపు పేద ఇంటి నుంచి చిన్న వయసులోనే మద్రాసు చేరి, వైద్యం నేర్చి, కేసరి కుటీరం నెలకొల్పారు. ఆయనకు పేరూ డబ్బూ తెచ్చింది లోధ్ర, ఆడవారి వ్యాధులకు ఇచ్చే మందు. ఇక్కడ తపాలా దారికి ఒక ప్రత్యేకత ఉంది. నాలుగు గోడలు దాటి మగ వైద్యుడి ముందు చెప్పుకోలేని బాధను ఉత్తరంలో రాయవచ్చు, ఎదుటివాడి కంట పడనక్కరలేదు. చదువు రాని ఇల్లాలు ఆ ఉత్తరాన్ని మరొకరి చేత రాయించుకోవలసి వచ్చేదన్నదీ నిజమే. అయినా చెప్పుకోవడానికి ఒక దారి తెరుచుకుంది. కేసరి 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు, ఆ పత్రిక పేరున రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చే ఆనవాయితీ మొదలైంది. తొలి కంకణం 1934లో కనుపర్తి వరలక్ష్మమ్మను వరించింది.

పుస్తకాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు వావిళ్ల వారి ప్రచురణలకు పల్లెల్లో దుకాణాలు ఎక్కడివి? పురాణం కావాలన్న కరణానికీ, కావ్యం కావాలన్న బడిపంతులుకూ పోస్టాఫీసే పుస్తకాల అంగడి. పత్రికలు చందాను కూడా వీపీలోనే వసూలు చేసేవి: ఏడాది నిండగానే కొత్త సంచికను వీపీ కట్టి పంపేవారు, చందాదారు డబ్బు కట్టి విడిపించుకునేవాడు.

విడిపించుకోకపోతే? వెతలన్నీ అక్కడే మొదలయ్యేవి. వీపీ తిరిగొస్తే రానూపోనూ ఖర్చు పంపినవాడిదే. పాత తెలుగు పత్రికలు తిరగేస్తే, దయచేసి వీపీలు తిప్పి పంపవద్దని సంపాదకులు చేసుకున్న విన్నపాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇష్టం లేకపోతే ముందే కార్డు ముక్క రాయమని బతిమాలేవారు. ఒక నెలలో పాతికో ముప్ఫయ్యో వీపీలు వెనక్కి వస్తే చిన్న పత్రికకు మరుసటి సంచిక కాగితం ఖర్చు పోయినట్టే.

మోసం రెండో వైపు నుంచి కూడా వచ్చింది. డబ్బు కట్టకుండా పార్సిలు విప్పి చూసే వీలు లేదు. ఆ నియమం చాటున ఎవరూ అడగని సరుకును వీపీ కట్టి పంపినవాళ్లు, బొమ్మలో ఒకటి చూపి పెట్టెలో మరొకటి పెట్టినవాళ్లు పుట్టుకొచ్చారు. అందుకే నిజంగా ఆర్డరు వస్తేనే ఈ సరుకు పంపుతున్నానని పంపేవాడు ఫారం మీద ప్రకటించాలన్న షరతు వచ్చింది. మోసం తేలితే వసూలు చేసిన పైకాన్ని అమ్మేవాడికి చేర్చకుండా ఆపి కొన్నవాడికి తిరిగి ఇచ్చే అధికారం తపాలా చట్టంలో చేరింది. వీపీ రుచి చూసిన తర్వాతి తరాలకు మాత్రం వేరే జ్ఞాపకం మిగిలింది: గళ్ల నుడికట్టు నింపి పంపితే చవకగా ట్రాన్సిస్టర్ వస్తుందన్న ప్రకటనలు, వీపీ విడిపించుకుని విప్పితే అందులో ఇటుక ముక్క. వీపీ పరపతిని చాలావరకు తినేసింది ఆ ఇటుకలే.

తెలంగాణ పల్లెల్లో ఈ కథకు మరో మలుపు ఉంది. నిజాం రాజ్యానికి సొంత తపాలా శాఖ, 1869 నుంచి సొంత బిళ్లలు ఉండేవి. బ్రిటిష్ ఇండియా పోస్టాఫీసులు కూడా పక్కనే పనిచేసేవి. మద్రాసు నుంచో బెజవాడ నుంచో సరుకు తెప్పించుకునేవాడు ఏ పోస్టాఫీసు గడప తొక్కాలో తెలుసుకుని ఉండాలి. 1950లో నిజాం టపా భారత తపాలాలో కలిసిపోయాకే ఆ గోడ తొలగింది.

ఆ తెలంగాణ నుంచే కొత్త అంకానికి తొలి గిరాకీ రావడం విశేషం. 2007 అక్టోబరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అనే ఇద్దరు యువకులు బెంగళూరు కోరమంగలలోని ఒక ఫ్లాటులో, 4 లక్షల రూపాయల సొంత డబ్బుతో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టారు. వారికి వచ్చిన మొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి. అడిగింది జాన్ వుడ్ రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకం. అది వాళ్ల దగ్గర లేదు, పంపిణీదారుల దగ్గరా దొరకలేదు. బెంగళూరు పుస్తకాల షాపుల్లో వెతికి, ఒక ప్రతి సంపాదించి పంపారు. పుస్తకాల షాపు బయట నిలబడి వచ్చేపోయేవారికి పుస్తకాల్లో పెట్టుకునే గుర్తుచీటీలు పంచినవారూ వాళ్లే. సంగీత సభల్లో అమృతాంజనం పంచిన చెయ్యి వెంటనే గుర్తుకొస్తుంది.

వారి వ్యాపారం ఊళ్లకు పాకింది 2010లో, సరుకు అందాక డబ్బు కట్టే పద్ధతి తెచ్చాక. కార్డు లేనివాళ్లు, ఉన్నా కంప్యూటరులో దాని అంకెలు కొట్టడానికి జంకేవాళ్లు అప్పుడు ముందుకొచ్చారు. 133 ఏళ్ల కిందటి చిక్కే మళ్లీ ఎదురైంది, దానికి దొరికిన విరుగుడు కూడా అదే.

ఇవాళ పోచంపల్లి చీర, మంగళగిరి బట్ట, ఏటికొప్పాక లక్కబొమ్మ, ఆత్రేయపురం పూతరేకులు ఫోనుల్లోంచి ఊళ్లు దాటుతున్నాయి. ఇంట్లో కూర్చుని పచ్చళ్లు అమ్మే గృహిణికి కొట్టు అద్దె లేదు. ఆమెకు ఉన్న భయం నాటి సంపాదకుడి భయమే, పేరు మారిందంతే. తిరిగొచ్చిన పార్సిలును ఆన్‌లైన్ అమ్మకందారులు "ఆర్టీఓ" అంటారు. ఆ ఖర్చు చాలాసార్లు పడేది ఇప్పటికీ చిన్నవాడి నెత్తినే.

ఒక తేడా మాత్రం ఉంది, దాన్ని చిన్నదనుకోకూడదు. పోస్టాఫీసు సొంతంగా తలనొప్పి మందు అమ్మలేదు. ఎవరి ప్రకటన పైన ఉండాలో, ఎవరిది కింద ఉండాలో అది నిర్ణయించలేదు. అచ్చేసిన రుసుము అందరికీ ఒకటే, నాగేశ్వరరావు గారికీ, ఊరు పేరు లేని పంచాంగకర్తకూ. ఇప్పటి మూడో మనిషి సంతకు యజమాని, కూలీ, కమీషను పుచ్చుకునేవాడు, ఒక్కోసారి పోటీదారు కూడా. కొత్తగా వ్యాపారం పెట్టేవారు ఈ సంగతి మొదటి రోజే తెలుసుకోవాలి.

ఆన్‌లైన్ కంపెనీల పార్సిళ్లు కొంతకాలానికి పోస్టాఫీసులకూ చేరాయి. ప్రైవేటు కొరియరు వెళ్లని ఊళ్లకు అవి తపాలా సంచిలోనే పోయాయి. 2017 డిసెంబరులో మొదలైన దర్పణ్ పథకం కింద పల్లె బ్రాంచి పోస్టాఫీసులకు చేతియంత్రాలు వచ్చాయి. ఊరి పోస్టుమాస్టరు ఆ యంత్రంలో పార్సిలు నంబరు చూసి, ఎంత కట్టాలో చెప్పి, డబ్బు లెక్కపెట్టుకున్న తర్వాతే పెట్టెను చేతికిస్తున్నారు.