గని కంటే ముందొచ్చేది బోరు బండి

మీరు నంద్యాల దాటి ఆళ్లగడ్డ దారి పట్టారనుకోండి. ఎండాకాలం తెల్లవారుజాము. ఎడమచేతి వైపు నల్లమల ఇంకా మసకలోనే ఉంది. కుడివైపు కుందూ దాకా పొలాలు. ఆళ్లగడ్డలో అడుగుపెట్టగానే ఉలి చప్పుళ్లు వినిపిస్తాయి. షెడ్ల కింద శిల్పులు రాతిలోంచి గరుత్మంతుడి ముక్కు తీస్తున్నారు. పడమటి వైపు ఎర్రమలలో బేతంచర్ల, బనగానపల్లె నాపరాళ్ల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. రాయి అన్నం పెట్టే చోట తవ్వకమే తప్పని ఎవరూ అనరు. నేనూ అనను. కానీ ఎక్కడ తవ్వుతున్నామో తెలియాలంటే మీరు అడవిలోకి రావాలి.

ఎగువ అహోబిలం. గుడి మెట్లు వదిలి భవనాశి వాగు వెంట నడవండి. వాగు పారడం మానేసింది, బండల నడుమ మడుగుల్లో మాత్రం నీళ్లున్నాయి. మడుగు ఒడ్డున తడి ఇసుక మీదికి వంగి చూడండి. కణితి గిట్టల జాడ లోతుగా దిగి ఉంది. దాని పక్కనే అడవిపంది పెళ్లగించిన మట్టి. కాస్త అవతల, మనిషి వట్టి కాళ్లతో నడిచి వెళ్లినట్టు ఎలుగుబంటి అడుగులు. ఆ అడుగులు పోయి ఆగిన చోట పుట్ట పగిలి ఉంది. రాత్రి చెదలు తిని పోయిందది.

ఇక కూర్చోండి, మాట్లాడకండి. పైకొమ్మ మీది కొండముచ్చు ఒక్కసారి గట్టిగా అరిచింది. ఆ వెంటనే లోయలోంచి దుప్పి కూత. మేత మేస్తున్న మంద తలలెత్తి కదలకుండా నిలబడిపోయింది. ఎక్కడో చిరుత కదిలింది. మీకు కనిపించదు, వాటికీ కనిపించలేదు. అవి విని బతుకుతాయి. ఈ అడవిలో ప్రాణం నిలిచేదీ పోయేదీ చెవి మీదే.

ఇప్పుడు ఈ మడుగు పక్కకి ఒక బోరు బండి వచ్చిందనుకోండి. రాయలసీమ వాళ్లకు ఆ మోత కొత్త కాదు, మన చేలల్లో ఎన్నిసార్లు విన్నామో. అయితే ఇది నీళ్ల కోసం కాదు. భూమిలోంచి రాతి కడ్డీలు పైకి లాగి, పెట్టెల్లో పేర్చి, ఖనిజం ఎంతుందో చూడటానికి. ముందు బండి ఎక్కడానికి దారి చేస్తారు, నారేపి చెట్లు, వెదురు పొదలు కొట్టి. రంధ్రం వేసే బిట్టు వేడెక్కకుండా నీళ్లు కావాలి. ఎండాకాలం అడవిలో నీళ్లంటే ఈ మడుగే. కంప్రెసర్ మొదలైంది. కొండముచ్చు ఇప్పుడూ అరుస్తోంది, దుప్పికి వినపడదు. రాత్రి లైట్లు వేస్తే కణితి నీళ్లకు రాదు. పిల్లలున్న ఆడపులి అలికిడైన చోట నిలవదు, కూనల్ని నోట కరుచుకుని చోటు మారుస్తుంది.

తల్లి దూరమైతే ఏమవుతుందో నంద్యాల జిల్లా చూసింది. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు దొరికాయి. అక్కడ గని లేదు, బోరూ లేదు. తల్లితో కలపాలని అటవీ సిబ్బంది రోజుల తరబడి వెతికారు. కుదరలేదు. చివరికి వాటిని తిరుపతి జూకు తరలించారు. ఒకసారి విడిపోయిన దాన్ని మనం అతికించలేం.

బండి వెళ్లిపోయాక కూడా దారి మిగులుతుంది. ఆ దారినే కట్టెలవాళ్లు, ఉచ్చుల వాళ్లు లోపలికి వస్తారు, నిప్పూ వస్తుంది. "ఇది పరీక్షే కదా, గని కాదు కదా" అంటారు. పరీక్షతోనే సగం నష్టం జరిగిపోతుంది.

ఇది ఊహ అనుకోకండి. 2019లో ఆళ్లగడ్డ మండలం యాదవాడలో యురేనియం కోసం బోర్లు వేస్తే జనం ఎదురు తిరిగారు. అదే ఏడాది కృష్ణకు అవతల, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణ ప్రతిపాదన మీద తెలంగాణ అంతటా నిరసన లేచింది. యురేనియం తవ్వకాలు వద్దని సెప్టెంబరులో అక్కడి శాసనసభ తీర్మానించింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల రిజర్వు అడవిలో 68 బోర్ల ప్రతిపాదన వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

పడమటి కొండల సంగతీ ఒక మాట. బేతంచర్ల దగ్గరి బిలసర్గం గుహల్లో 1884 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వించినప్పుడు ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. అంత పాత చరిత్ర ఈ సున్నపురాతి కడుపులో ఉంది. ఇలాంటి గుహల్లోనే గబ్బిలాలు కాపురముంటాయి, చేలల్లో పురుగుల్ని తినేవి. పక్కన పేలుళ్లు పెడితే అవి లేచిపోతాయి.

మళ్లీ నల్లమలకొస్తే, అహోబిలం వైపు భాగం గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, 1,194 చదరపు కిలోమీటర్లు. చెంచులక్ష్మిని పెళ్లాడిన అహోబిలం నరసింహుడు, మన ఓబుళేశుడి అత్తవారిల్లు. అభయారణ్యాల్లోనూ, వాటి హద్దు నుంచి కిలోమీటరు లోపలా గనులు కూడవని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 26న చెప్పింది. కాబట్టి మీ ఊరు అడవి అంచున ఉంటే, బోరు బండి వచ్చిన రోజే ఎదురెళ్లి నిలబడండి. అనుమతి కాగితం చూపించమనండి, హద్దు రాయి ఎక్కడుందో కొలిపించండి, గ్రామసభ పెట్టించండి. గని మొదలయ్యాక అడిగితే ఆలస్యమైపోతుంది.