పాత హల్లర్ కొనేముందు దాని పుట్టుక తెలుసుకోండి

మొన్న పక్క మండలం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మూతపడిన మరలో పాత హల్లర్ అమ్ముతున్నారు, తాతల కాలం నాటి ఇనుమంట. మన దేశీ వడ్లు సింగిల్ పాలిష్ పట్టి అమ్ముదామనుకుంటున్నా, ఎంత పెట్టొచ్చు?" అన్నాడు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. ఇంకో నలుగురికి కూడా పనికొస్తుందని మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ఈ మర పుట్టింది బ్రెజిల్‌లో. 1885 ప్రాంతంలో పిరసికాబా ఊరికి చెందిన ఎంగెల్‌బర్గ్ అనే ఆయన కాఫీ పైతొక్క తీయడానికీ, వడ్లు పట్టడానికీ పనికొచ్చేలా తయారుచేశాడు. 1888లో అమెరికాలోని సిరక్యూస్‌లో దీనికోసం కంపెనీ పెట్టారు. అక్కణ్ణుంచి వరి పండే దేశాలన్నిటికీ పాకింది. మన ఊళ్లలో తిరిగినవన్నీ దాని నకళ్లే.

లోపల గట్లున్న పోత ఇనుప సిలిండర్ తిరుగుతుంది. కింద సన్న చీలికల జల్లెడ, పక్కన ముందుకీ వెనక్కీ జరిపే కత్తి. అంతే యంత్రం. గింజని ఇనుముకీ, పక్క గింజకీ వేసి రుద్దుతుంది. ఊక లేచే దెబ్బలోనే తౌడూ పోతుంది, రెండూ కలిసిపోయి కింద పడతాయి. ఊక వరకే తీసి ఆపడం దీనికి రాదు తమ్ముడూ! సింగిల్ పాలిష్ కోసం దీన్ని కొంటే ఇనుము కొన్నట్టే.

చవక, ఏ ఇంజనుకైనా బెల్టు తగిలిస్తే తిరుగుతుంది, అందుకే రోకళ్లు మూలపడ్డాయి. మర పట్టిన పచ్చి బియ్యం తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు ఉండేది. తౌడుతో పాటు బి1 విటమిన్ పోవడమే కారణం. 1934లో గాంధీ గారు పెట్టిన గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం తినమని ప్రచారం చేసింది. 1958లో కేంద్రం మరలకు లైసెన్సు చట్టం తెచ్చింది, 1997లో ఎత్తేసింది.

హల్లర్లని మూలకి నెట్టింది మాత్రం రబ్బరు రోలర్ల మర. క్వింటా పచ్చి వడ్లు హల్లర్లో పోస్తే 53-55 కిలోల బియ్యం, అందులోనూ నూకలెక్కువ. రబ్బరు రోలర్ల మరలో 60 దాటుతుంది. అంటే మీకు అమ్మకానికొచ్చిన హల్లర్ చెడిపోయి రాలేదు, గింజ తినేస్తుందని వచ్చింది. ఉప్పుడు వడ్లయితే గింజ గట్టిపడి నూక తగ్గుతుంది. ఇంటి మందం ఉప్పుడు బియ్యం పట్టుకునేవాళ్లకి ఇప్పటికీ పనికొస్తుంది.

అలాంటి పనికే కొంటున్నారా, అయితే రంగు చూడకండి. పాత మరకి కొత్త రంగు వేశారంటే నాకైతే అనుమానమే. మూత విప్పించి సిలిండర్ గట్ల మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి జరపండి. అంచు తెలియాలి. గుండ్రంగా నున్నగా అరిగిపోతే కత్తి ఎంత ముందుకి జరిపినా సందు మూసుకోదు, వడ్లు వడ్లలాగే బయటికొస్తాయి. కత్తి అరిగినా, జల్లెడ చిరిగినా భయం లేదు, అవి మార్చుకునేవే, కాకపోతే ఆ సైజువి మీ దగ్గరి టౌన్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. బెల్టు తీసేసి పుల్లీని పైకీ కిందకీ ఊపండి. కదిలితే బేరింగులు పోయినట్టు. పోత బాడీకి అతుకులున్నాయేమో అడుగున కూడా చూడండి.

మన వడ్లు ఒక బస్తా తూకం వేసి పట్టుకెళ్లండి. వాళ్ల వడ్లు వద్దు. పట్టించాక బియ్యం, నూకలు వేరువేరుగా తూయండి. తౌడులో నూకలు మెరుస్తుంటే జల్లెడ పోయింది.

ధర దగ్గర మోటారుని విడిగా లెక్కకట్టండి, ఎక్కువ మోసం అక్కడే. సిలిండర్ బాగుంటే పాత ఇనుము రేటు మీద కొంచెం వేసి ఇవ్వొచ్చు. అరిగితే కాటా రేటు మించి రూపాయి కూడా వద్దు. ఆ తమ్ముడు మాత్రం ఇప్పుడు చిన్న రబ్బరు రోలర్ మర వెతుకుతున్నాడు. ఎవరిదగ్గరైనా ఉంటే కామెంట్లో చెప్పండి.