ఫుల్ థ్రాటిల్ (పిన్‌బాల్ యంత్రము)

ఫుల్ థ్రాటిల్ అనునది మోటారుసైకిలు పందెమును ఇతివృత్తముగాఁ గైకొని 2014 ప్రాంతమున వెలువడిన పిన్‌బాల్ యంత్రము. వేల్సు దేశమునందలి ఎబూ వేల్ పట్టణమున కర్మాగారము నడపిన హైవే పిన్‌బాల్ అను చిన్న సంస్థకు ఇది తొలికృతి. సంస్థాపకుఁడైన ఆండ్రూ హైవే తన యింటిపేరునే సంస్థకును బెట్టెను. యంత్రరూపకర్త డేవ్ సాండర్సు. చలనచిత్రములను, సంగీతబృందములను ఆశ్రయించి వాని కీర్తితో ఆటను విక్రయించు వాడుక ప్రబలియున్న కాలమున, ఈ సంస్థ ఏ ప్రసిద్ధనామమును అద్దెకుఁ దెచ్చుకొనక, స్వతంత్రమైన ఇతివృత్తముతో రంగమునఁ బ్రవేశించెను. ఆటపెట్టె ఒకటియే యైనను అందు ఆటలు అనేకములు మార్చుకొనవచ్చునను భావమును ఆచరణమునఁ బెట్టుట ఈ యంత్రముయొక్క ముఖ్యవిశేషము.

పూర్వరంగము

మేకులు గొట్టిన చెక్కపై గోళీలను దొర్లించి మన పిల్లలు ఆడుకొను బగటెల్ బల్లయే పిన్‌బాల్ ఆటకు మాతృక. అమెరికాలోని సిన్సినాటి నగరమున మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అను నాతఁడు 1871లో ఈ బల్లకు స్ప్రింగుతోఁ గొట్టు ముట్టును జేర్చి ఏకస్వాధికారపత్రము పొందెను. 1931లో గాట్లీబ్ సంస్థ వెలువరించిన బాఫిల్ బాల్ అంగళ్లయందు విరివిగా అమ్ముడుపోయి, ఆర్థికమాంద్యముతోఁ గ్రుంగిన జనమునకు ఒక్క సెంటుతో లభించు వినోదమయ్యెను. అయినను ఆ దినములలో గుండు ఒకసారి వదలిన పిమ్మట ఆటగానికి దానిపై అధికారము లేదు. అది ఏ గుంటలోఁ బడునో దైవాధీనము. ఈ కారణముచేతనే పెక్కుచోట్ల దీనిని జూదముగా నెంచిరి. న్యూయార్కు నగరమున 1942 నుండి 1976 వఱకును ఇది నిషిద్ధమై యుండెను.

1947లో హ్యారీ మాబ్స్ గాట్లీబ్ సంస్థకై రచించిన హంప్టీ డంప్టీ యంత్రమున, మీటనొక్కినంతనే గుండును ఎగువకుఁ గొట్టు విద్యుచ్చాలితములగు ఫ్లిప్పరులు వచ్చెను. నాఁడు అదృష్టక్రీడ నైపుణ్యక్రీడగా మాఱెను. 1992లో బల్లీ పేరుతో వెలువడిన ఆడమ్స్ ఫ్యామిలీ యంత్రము ఇరువదివేలకు మించి అమ్ముడుపోయెను. కాని గృహములయందలి వీడియో ఆటల పోటీకిఁ దాళలేక విలియమ్స్ సంస్థ 1999లో తన పిన్‌బాల్ శాఖనే మూసివేసెను. అటుపిమ్మట పదేండ్లకు పైగా పెద్దయెత్తున ఈ యంత్రములను జేయు సంస్థ ప్రపంచమున స్టెర్న్ పిన్‌బాల్ ఒక్కటియే. 2010వ దశకమున జెర్సీ జాక్, స్పూకీ, డచ్ పిన్‌బాల్ మున్నగు క్రొత్తసంస్థలు తలయెత్తినవి. ఐరోపాఖండమునుండి ఆ కూటమిలోఁ జేరినవానిలో హైవే పిన్‌బాల్ ఒకటి.

ఇతివృత్తము

మోటారుసైకిలు ఈ క్రీడకుఁ గ్రొత్తది గాదు. బల్లీ సంస్థ 1977లో ఈవెల్ కనీవెల్ యంత్రమును, 1986లో మోటర్‌డోమ్‌ను, 1991లో హార్లీ డేవిడ్‌సన్‌ను వెలువరించెను. మొదటిది సాహసికుని సంకీర్తనము. చివరిది వాహనసంస్థయొక్క వైభవప్రదర్శనము. ఫుల్ థ్రాటిల్ పందెమునే ప్రాణముగాఁ గైకొన్నది. పేరు సైతము పందెగాండ్ర పలుకుబడియే: యంత్రములోనికి గాలిని, ఇంధనమును విడుచు ద్వారమును సంపూర్ణముగాఁ దెఱచి, శక్తినంతయు నొక్కసారిగా వినియోగించుటను ఆంగ్లమున ఫుల్ థ్రాటిల్ అందురు.

పందెమునకును పిన్‌బాల్ ఆటకును గల సాదృశ్యము పైపై వేగమునకు మాత్రమే పరిమితము గాదు. బ్రిటిషు దీవులలో మోటారుసైకిలు పందెములకుఁ బుణ్యక్షేత్రమువంటిదైన మాన్ ద్వీపమున 1907 నుండి టీటీ పందెము జరుగుచున్నది. 1949లో ఆరంభమైన ప్రపంచ గ్రాండ్ ప్రీ పోటీలలో మొట్టమొదటిదియు అచ్చటనే జరిగెను. అరువది కిలోమీటరుల పొడవైన ఆ కొండదారిలో పందెగాండ్రు ఒకరి తరువాత ఒకరుగా, నియతమైన వ్యవధితో బయలుదేఱుదురు; ప్రక్కన ఎవరును లేకున్నను ప్రతివాఁడును గడియారముతోఁ బోరాడును. పిన్‌బాల్ ఆటగాఁడును అట్లే ఒంటరి. అతని ప్రత్యర్థి ఎదుటనిలుచు మనుష్యుఁడు గాక, క్రిందికి లాగు భూమ్యాకర్షణమును, గుండు జాఱిపోవుటకు మిగిలియున్న క్షణమును అయియున్నవి. కావున ఈ యితివృత్తము ఆటకు అతికించిన రంగుకాగితము గాక, ఆటయొక్క స్వభావమునుండియే పుట్టినట్లు తోఁచును.

నిర్మాణము, ఆటతీరు

సర్వసాధారణముగా పిన్‌బాల్ బల్ల ఆటగానివైపునకు ఆఱు, ఏడు డిగ్రీల వాలుతో నుండును. ఇరువదియేడు మిల్లీమీటరుల వ్యాసమును, ఎనుబది గ్రాముల బరువును గల ఉక్కుగుండు దానిపై దొర్లును. ఒక్క దెబ్బను దగ్గఱనుండి చూచినచో ఇందలి సూక్ష్మత బోధపడును. గుండు ప్రక్కదారినుండి జాఱి ఫ్లిప్పరుయొక్క మొదటికి వచ్చి, అచ్చటినుండి కొసవైపునకు దొర్లుచుండును. ఆటగాఁడు మీటను త్వరగా నొక్కినచో అది గుఱితప్పి పోవును. వెంట్రుకవాసి ఆలసించినచో రెండు ఫ్లిప్పరుల నడుమనుండి జాఱి మాయమగును. సరియైన యెడ నొక్కినపుడు, ఫ్లిప్పరుక్రింది తీగచుట్టలోఁ బ్రవహించు బలమైన విద్యుత్తు ఇనుపకడ్డీని గుంజుటచే గుండు ఎగువదారికి ఎక్కును. వెంటనే ఆ విద్యుత్తు తగ్గి, ఫ్లిప్పరును ఎత్తి నిలుపుటకుఁ జాలినంత బలము మాత్రమే మిగులును. అట్లు తగ్గనిచో తీగచుట్ట కొలఁది క్షణములలోఁ గాలిపోవును. మలుపునొద్ద పందెగాఁడు ఇంధనమును తగ్గించి, మలుపు దాఁటినంతనే విడుచు నేర్పునకును ఈ మీటనొక్కు నేర్పునకును చుట్టఱికము గలదు.

ఫుల్ థ్రాటిల్‌నందు ఆటబల్లలోనే ఒక ఎల్‌సీడీ తెరను అమర్చిరి. పూర్వయంత్రములలో అంకెలు, బొమ్మలు ఎదుటి నిలువుపలకపైఁ గనఁబడుచుండుటచే, వానిని జూచుటకుఁ దలయెత్తిన ఆటగాఁడు అంతలో గుండును పోఁగొట్టుకొనుట కలదు. ఇందు సమాచారము గుండు తిరుగు తావుననే యుండుటచే చూపు దారితప్పదు. ఈ యేర్పాటు పందెగానికి ఎదుటనే వాహనమునందుండు వేగమాపకమును దలఁపించును.

అంతకంటె గొప్పది పెట్టెయొక్క కూర్పు. సాధారణయంత్రమున ఆటబల్లయు, దాని తీగలును పెట్టెతో నొకటిగా పెనవేసికొని యుండును. వేఱొక ఆట కావలెనన్నచో వేఱొక యంత్రమునే కొనవలెను. నూఱు కిలోలకు మించిన బరువు గల ఈ యంత్రమును మెట్లపైకి మోసినవారికిని, చిన్నగదిలో దానికిఁ జోటు వెదకినవారికిని ఈ కష్టము తెలియును. హైవే సంస్థ పెట్టెను స్థిరముగా నుంచి, గాజుపలకను జాఱ్చి, కొలఁది సంధానములను విడదీసి, ఆటబల్లను మాత్రము వెలికిఁదీసి మఱియొకదానిని అమర్చునట్లుగా రచించెను. గ్రామఫోనుపెట్టె ఒకటియే యైనను రికార్డులు పెక్కులుండుట యెట్లో ఇదియు నట్లే. కావున తొలియాటను గొన్నవాఁడు దానితోపాటు రాఁబోవు ఆటలకు ఆధారమైన పీఠమునుగూడఁ గొన్నట్లే.

స్థలవిశేషము

ఎబూ వేల్ దక్షిణవేల్సులోని లోయపట్టణము. బొగ్గును, ఉక్కును పూర్వము దాని జీవనాధారములుగా నుండెను. బ్రిటనుయొక్క జాతీయారోగ్యసేవను 1948లో స్థాపించిన అన్యూరిన్ బెవన్ 1929 మొదలు 1960లో మరణించువఱకును ఈ నియోజకవర్గముననుండియే పార్లమెంటు సభ్యుఁడుగా నుండెను. 2002లో అచ్చటి ఉక్కుకర్మాగారము మూఁతపడెను. తరతరములుగా లోహమును గరఁగించి బ్రదికిన ఊరిలో, తరువాతికాలమున ఉక్కుగుండు దొర్లు ఈ క్రీడాయంత్రములు సిద్ధమగుట ఆ పట్టణచరిత్రలో స్మరింపఁదగిన ఘట్టము.

ఆ సమీపముననే సర్క్యూట్ ఆఫ్ వేల్సు అను పేరున మోటారుసైకిలు పందెములకై గొప్ప మార్గమును నిర్మింప సంకల్పించిరి. బ్రిటిషు మోటోజీపీ పందెమును అచ్చట జరుపవలెననియు నిర్ణయమయ్యెను. కాని ఆర్థికపూచీకి వేల్సుప్రభుత్వము 2017 జూన్‌లో నిరాకరించుటచే ఆ మార్గము కాగితములపైననే నిలిచిపోయెను.

అనంతరచరిత్ర

సంస్థయొక్క రెండవయాట ఏలియన్. ఇది ఆ పేరుగల చలనచిత్రమును, దాని యనంతరచిత్రమును ఆధారముగాఁ గొనినది. 2017లో కొనుగోలుదారులకుఁ జేరనారంభించెను. ఒక యంత్రమును ఊహించుట వేఱు, దానిని వందలకొలఁది లోపములేక కూర్చి గడువునకు అందించుట వేఱు. పిన్‌బాల్ యంత్రమున వేలకొలఁది విడిభాగములుండును. వానిలో ఒక్కటి సమయమునకు రాకున్నను తక్కినవన్నియు పెట్టెలలో నిదురింపవలసినదే. మూలధనము స్వల్పమైన సంస్థకు ఈ నిరీక్షణమే ప్రాణాంతకము. 2018లో హైవే పిన్‌బాల్ తన వ్యాపారమును జాలించెను. తరువాత పిన్‌బాల్ బ్రదర్సు అను స్వీడను దేశపుసంస్థ ఏలియన్ ఆటను 2021లో మరల వెలువరించెను. ఫుల్ థ్రాటిల్‌కు అట్టి పునర్జన్మము కలుగలేదు.

స్థానము

సంస్థ నశించినంతమాత్రమున కృతి వ్యర్థమని తలఁపరాదు. కొనువానిపై భారము తగ్గుట యెట్లు, ఆటగాని చూపు చెదరకుండుట యెట్లు అను రెండు ప్రశ్నలను ఈ యంత్రము లేవనెత్తి, రెంటికిని చెక్కతోను తీగతోను సమాధానము చెప్పెను. అట్టి సమాధానము పెద్దసంస్థనుండి గాక, తొలియడుగు వేయుచున్న చిన్నసంస్థనుండి వచ్చుట గౌరవింపఁదగినది. లోయయెగువ కొండపై సంకల్పించిన పందెపుదారి రాలేదు. గజము పైచిలుకు పొడవుగల చెక్కపలకపై వేసిన పందెపుదారి మాత్రము, సేకరించి కాపాడుకొను ఔత్సాహికుల యిండ్లలో, గుండు వదలిన ప్రతిసారియు మరల మేల్కొనుచున్నది.