బోధిశ్రీ గారి చుట్టాల జాబితా

మాచర్ల దాటాక ఎత్తిపోతల దగ్గర ఆగి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తినేసి, విజయపురి సౌత్ చేరేసరికి పదకొండయింది. పిల్లలకి లాంచీ సంబరం, మా ఆయనకి డ్యామ్ సంబరం. మా అత్తయ్యకి కృష్ణమ్మలో నాలుగు నీళ్ళు నెత్తిన చల్లుకుంటే చాలు. నేను మాత్రం నాగార్జునకొండకి ఒకావిడ కోసం బయల్దేరాను. ఆవిడ పోయి పదిహేడు వందల ఏళ్ళయిందనుకోండి.

బి.ఏ. తెలుగులో మాకు ఇక్ష్వాకులంటే రెండు పేరాలు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, రాజధాని విజయపురి, అంతే. రాజుల పేర్ల ముందు ఆ వాసిష్ఠి, మాఠరి అన్నవి తల్లుల గోత్రాల పేర్లని కూడా మా లెక్చరర్ గారు చెప్పినట్టు గుర్తులేదు. చాలా ఏళ్ళ తర్వాత, పిల్లలు స్కూలుకెళ్ళాక ఖాళీగా ఉండే మధ్యాహ్నాల్లో శాసనాల పుస్తకాలు తిరగేస్తుంటే అసలు సంగతి తెలిసింది. రాజులు యజ్ఞాలు చేస్తుంటే, వాళ్ళింటి ఆడవాళ్ళు బౌద్ధానికి స్తూపాలు, విహారాలు కట్టించారు.

లాంచీ కదిలాక అత్తయ్య పక్కన కూర్చుని, “ఈ నీళ్ళ కింద ఊరుంది అత్తయ్యా” అన్నాను.

మూడు వైపులా కొండలు, ఒక వైపు కృష్ణ, మధ్యలో లోయ. 1926లో అక్కడి శిథిలాలు బయటపడ్డాయి. 1955లో డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వారు. వందకు పైగా చోట్ల కట్టడాలు దొరికితే, కొన్నింటినే రాయి రాయి విప్పి తీసుకెళ్ళి కొండ మీద మళ్ళీ పేర్చారు. మిగిలినవి, ఆ లోయలోని పల్లెలతో సహా, నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. మన పొలాలు పండాయి కాబట్టి ఆ డ్యామ్‌ని తిట్టుకునే నోరు నాకు లేదు. గుంటూరు జిల్లాలో పుట్టి సాగర్ కాలవ నీళ్ళ అన్నం తిన్నదాన్నే.

“ఎవరు కట్టించారు అవన్నీ?” అన్నారు అత్తయ్య.

మహాచైత్యం విషయంలో రాజుగారి మేనత్త పేరు వినిపిస్తుంది, శాంతిశ్రీ. శాంతమూలుడి చెల్లెలు. వీరపురుషదత్తుడి ఏలుబడిలో 6వ ఏట అక్కడ స్తంభాలు నిలబెట్టించింది. ఇంకో మేనత్త హమ్మశ్రీ కూతుళ్ళిద్దరినీ వీరపురుషదత్తుడు పెళ్ళి చేసుకున్నాడు. “అప్పుడూ మేనరికాలేనా! మాదీ మేనరికమేగా” అని అత్తయ్య నవ్వారు.

సరే, వాళ్ళు రాణులు, రాజు ఆడపడుచులు, డబ్బున్నవాళ్ళు. నేను వెతుక్కుంటూ వచ్చిన బోధిశ్రీ అలా కాదు. ఆవిడ ఉపాసిక. ఒక గృహస్థుడి కోడలు, ఒక గృహస్థుడి భార్య. వీరపురుషదత్తుడి 14వ ఏట చుల్లధమ్మగిరి మీద సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, దాని రాతి నేల మీద ప్రాకృతంలో పెద్ద శాసనం వేయించింది. అక్కడితో ఆగలేదు. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, దేవగిరి మీద ధ్యానశాల, పూర్వశైలంలో చెరువు, మండపం, కంటకశైలంలో (అంటే మన ఘంటసాల అంటారు) రాతి మండపం. పాపిలలో ఏడు గదులు, హిరుముఠువలో మూడు. ఆ గదులకి శాసనంలో వాడిన మాట ‘ఓవరక’. మన పాత తెలుగులో ఓవరి అంటే లోపలి గది. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎవరో మా అమ్మమ్మ గొంతుతో పిలిచినట్టయింది.

ఈ పుణ్యం ఎవరెవరికి చెందాలో కూడా ఆవిడ రాయించింది. భర్త, అత్తమామలు, భర్త తోబుట్టువులు, తర్వాత తన పుట్టింటివాళ్ళు, పిల్లలు, ఇలా పేరు పేరునా పెద్ద జాబితా. మనం శుభలేఖ వేయించేటప్పుడు ఎవరి పేరు వదిలేస్తే ఏం గొడవో అని పది మందిని అడిగి రాస్తామే, అలాగ! చివర్లో రాయి చెక్కిన పనివాడు విధికుడి పేరు కూడా ఉంది.

అత్తయ్య మాట్లాడలేదు. ఎందుకో నాకు తెలుసు.

పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అరెకరం కౌలు డబ్బులు మూడేళ్ళు దాచి, కిందటి కార్తీకంలో ఊళ్ళో గుడికి గ్రానైట్ నేల వేయించారావిడ. పలక మీద ‘కీ.శే.’ అని మామయ్యగారి పేరు, ‘జ్ఞాపకార్థం కుమారులు’ అని ముగ్గురు కొడుకుల పేర్లు వచ్చాయి. ఆవిడ పేరు లేదు. ఎవరూ కావాలని చెయ్యలేదు. రాసిచ్చింది మా ఆయనే. ఆ కాగితం చూసి, అక్షరదోషాలు దిద్దింది నేనే. అత్తయ్య ఆ రోజు చీర చెంగుతో పలక మీద సున్నం తుడిచి ప్రసాదం పంచడానికి వెళ్ళిపోయారు.

కొండ మీద మ్యూజియం చూశాం. విప్పి తెచ్చి పేర్చిన స్తూపాల చుట్టూ పిల్లలు పరుగులు పెట్టారు. బండిచక్రానికి ఆకుల్లా లోపల గోడలు కట్టారని చెబితే మావాడు లెక్కపెడతానని కూర్చున్నాడు. అత్తయ్య ఒక చెట్టు కింద చతికిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు.

తిరుగు లాంచీలో ఉన్నట్టుండి అడిగారు. “అమ్మాయ్, ఆవిడ అత్తగారి పేరు కూడా రాయించిందన్నావుగా?”

“రాయించింది అత్తయ్యా.”

“రాయి కొట్టినవాడిది కూడా.”

“అవును.”

మళ్ళీ మాచర్ల దగ్గర టీ తాగేటప్పుడు, గ్లాసు ఊదుకుంటూ మా ఆయనతో అన్నారు, “ఒరేయ్, గుళ్ళో ఆ పలక మార్చాలంటే ఎంతవుతుందో కనుక్కో. డబ్బులు నేనే ఇస్తాలే.” ఆయన సరేనన్నారు. ఇరవై రోజులైంది, ఇంకా కనుక్కోలేదు. ఈసారి పేర్లు నేనే రాసిస్తాను.